చంద్రుడికి షోకాజ్ నోటీసు ఇవ్వాల్సిందే

2024లో మా అపార్ట్‌మెంట్‌లో దీపావళి రెండు రోజులు జరిగింది. అమావాస్య అక్టోబర్ 31 మధ్యాహ్నం మొదలై నవంబర్ 1 సాయంత్రం ఆరు దాటేదాకా కదల్లేదు, దాంతో వాట్సాప్ గ్రూపులో రాత్రికి రాత్రే అరడజను మంది సిద్ధాంతులు పుట్టుకొచ్చారు. మూడో ఫ్లోర్ ఆయన ఉదయ తిథే, అంటే సూర్యోదయానికి ఉన్న తిథే ప్రమాణం అన్నారు. ఐదో ఫ్లోర్ ఆయన "దీపావళికి ఉదయంతో పనేంటండీ, ప్రదోషం, అంటే సూర్యాస్తమయ వేళ చూడాలి, అదీ 31నే" అన్నారు. ఈయన మాటే శాస్త్రసమ్మతమని నేను గట్టిగా నమ్మాను, ఎందుకంటే సెలవు ఆ రోజే ఇచ్చారు.

నిజానికి తప్పు పంచాంగం రాసినవాళ్లది కాదు, చంద్రుడిది. నెలకి సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులే డ్యూటీ చేస్తాడు. పన్నెండు నెలలు కలిపితే 354, అంటే సూర్యుడికి ఏటా 11 రోజులు బాకీ. ఇదే పని నేను ఆఫీసులో చేస్తే జీతం కట్.

మనవాళ్లు ఆ బాకీని రెండున్నర ఏళ్లు దాటాక ఓ అధికమాసం వేసి సర్దేస్తారు. 2023లో అలాగే రెండు శ్రావణాలొచ్చాయి, మొదటి శ్రావణంలో పెళ్లిళ్లూ లేవు, వరలక్ష్మీ వ్రతమూ లేదు, పాపం పట్టుచీరల షాపులవాళ్లు. యూదులూ అంతే, 19 ఏళ్లలో ఏడుసార్లు అదార్ నెలని రెండుసార్లు నడుపుతారు. కానీ వాళ్లు ఇంకో మెట్టు పైకెళ్లారు. కొత్త సంవత్సరం రోష్ హషనాని ఆది, బుధ, శుక్రవారాల్లో రానివ్వరు! బుధవారమో శుక్రవారమో వస్తే పదో తిథినాడు వచ్చే ఉపవాసం, యోమ్ కిప్పూర్, సబ్బాతుకి, అంటే పనులేవీ చేయని శనివారానికి, ముందురోజో మర్నాడో పడుతుంది, వరసగా రెండు రోజులు పొయ్యి వెలిగించడానికి ఉండదు. (ఆదివారం వద్దనడానికి కారణం వేరే ఉంది, వదిలేద్దాం.) పండగ తేదీ పెట్టేటప్పుడు వంటింటిని కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు తెగ నచ్చింది.

అసలు వాట్సాప్ గొడవ కూడా వాళ్లకి మనకంటే చాలా ముందే ఉంది. పూర్వం యెరూషలేంలో నెలవంక చూసిన సాక్షులు వచ్చి చెబితే, కొండ మీంచి కొండకి మంటలు వేసి కబురు పంపేవారు. గిట్టనివాళ్లు దొంగ మంటలు వేశారట, వాళ్ల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే ఉంది. దాంతో మంటలు మానేసి మనుషుల్ని పంపించారు, వాళ్లు నడిచి వెళ్లేసరికి పండగ వచ్చేస్తుంది కాబట్టి దూరాన ఉన్నవాళ్లు ఎందుకైనా మంచిదని రెండు రోజులు చేసుకున్నారు. తర్వాత లెక్కలు కుదిరాయి, క్యాలెండర్లు అచ్చయ్యాయి. అయినా ఇజ్రాయెల్ బయట చాలామంది ఇప్పటికీ పస్కా పండగకి ఆ రెండో రోజు వదల్లేదు. ఎందుకు వదులుతారు?

ముస్లింలు మాత్రం బాకీ పుస్తకమే చించేశారు. నెలలు అటూ ఇటూ జరపొద్దని ఖురానే చెప్పింది, కాబట్టి రంజాన్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకి జరుగుతూ అన్ని రుతువుల్నీ చుట్టి వస్తుంది. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి మొదలవుతుంది. ఇందులో నలిగిపోయేది మా వీధి టైలర్. ఇరవై తొమ్మిదో రోజా విప్పగానే మెడలో టేపుతో రోడ్డు మీదికొచ్చి ఆకాశం వంక చూస్తాడు. నెలవంక కనబడితే తెల్లారేసరికి పద్నాలుగు పఠానీ సూట్లు ఇవ్వాలి, కనబడకపోతే ఇంకో రోజు దొరుకుతుంది. ఊరంతా కనబడాలని కోరుకుంటుంటే, ఈయనొక్కడే మబ్బు కోసం దువా చేస్తున్నాడని నా అనుమానం.

2023 సెప్టెంబర్ 28న చంద్రుడు ఇంకో ఘనకార్యం చేశాడు. హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజు తెచ్చిపెట్టాడు. మిలాద్ ఊరేగింపుని పెద్దలు అక్టోబర్ 1కి మార్చుకున్నారు, పనైపోయింది. ఇద్దరికీ తిథి తెలుసు, ట్రాఫిక్ కూడా తెలుసు. మా గ్రూపులో మాత్రం ఆ ఇద్దరు సిద్ధాంతులు ఇప్పటికీ మాట్లాడుకోవట్లేదు.

ఆ దీపావళికి ముందురోజు రాత్రి ఈ విషయాలన్నీ, నోటీసు డ్రాఫ్టుతో సహా, మా ఆవిడకి వివరంగా చెప్పాను. ఆవిడ బూరెలకని నానబోసిన పచ్చిశనగపప్పు గిన్నె వైపు ఓసారి చూసి, "పప్పు నానిపోయింది, ఇది రేపు సాయంత్రందాకా ఆగదు. చంద్రుడితో మీరు తర్వాత మాట్లాడుకుందురుగానీ, ముందు ఈ బెల్లం కొట్టిపెట్టండి" అంది.