గోదాము పందికొక్కు: ఒక నూతన ఉపజాతి వర్ణన

నల్లగొండ జిల్లాలోని ఒక గోదాములో 40 బస్తాల వడ్లు రాత్రికి రాత్రే తక్కువపడగా, బాధ్యులైన వారు రిజిస్టరులో 'ఎలుకలు తిన్నవి' అని రాసి సంతకం చేశారు. ఊరి జనం దీన్ని దొంగతనమంటున్నారు. జంతుశాస్త్రం తెలియనివారు అంతకన్నా ఏమనగలరు?

బస్తాకు 40 కిలోల చొప్పున పోయినవి 16 క్వింటాళ్లు. మన పొలాల్లో తిరిగే చిన్న పందికొక్కు, శాస్త్రీయంగా బాండికోటా బెంగాలెన్సిస్, రోజుకు 30 గ్రాములు తింటుందని ఉదారంగా లెక్కగట్టినా, ఒక్క రాత్రిలో ఆ పని ముగించడానికి 53 వేలకు పైగా పందికొక్కులు బారులు తీరాలి. అదేమో బొరియకు ఒక్కటిగా బతికే ఏకాంతప్రియ జీవి. కనుక గోదాములోది వేరే ఉపజాతి అని తేల్చక తప్పదు.

దీని లక్షణాలు విలక్షణమైనవి. మామూలు పందికొక్కు కలుగు ముందర మట్టిని కుప్పపోస్తుంది. దీని కలుగు లారీ పట్టేంత వెడల్పుగా, షట్టరుతో సహా ఉంటుంది. ఎలుకజాతి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటాయి. ఇది మాత్రం సంచిని కొరకదు, కుట్టు విప్పి, తిన్నంత తిని, అదే సుతిలితో మళ్లీ కుడుతుంది. తేమ 17 శాతం దాటిన వడ్లను ముట్టదు. తాలును పక్కకు తీసి పెడుతుంది. పెంటిక ఒక్కటీ వదలదు. అర్ధరాత్రి హమాలీలను పిలిపించుకుని, కాంటా మీద జోకించుకుని, లారీలో ఎంత సరుకు పోతుందో రాసే ట్రక్ షీటు లేకుండానే బండి కదిలించగల ఈ జీవి, తెల్లవారేసరికి రిజిస్టరు పుటల మధ్యకు చేరి నిద్రపోతుంది.

ఇక అసలు పందికొక్కు సంగతి. మూసీ ఆయకట్టులో గానీ, సాగర్ ఎడమ కాల్వ కింద గానీ, పొట్టకొచ్చిన వరిని అది మొదలంటా కొరికేసినప్పుడు ఆ రైతుకు 'ఎలుకలు తిన్నవి' అని కాగితం రాసిచ్చిన మహానుభావుడు ఒక్కడున్నాడా? కలుగుల్లో పొగ పెట్టుకో, మందు పెట్టుకో అన్నారు. మిగిలిన వడ్లను ఆరబోసి, వానొస్తే పరదా కప్పి, కుప్ప పక్కనే రాత్రుళ్లు పండుకున్న మనిషికి, తాలుందని, మట్టి ఉందని బస్తాకు రెండేసి కిలోల తరుగు కోశారు. ఆయన వడ్లను గ్రాముతో సహా జోకిన కాంటాకు, గోదాము గడప దాటగానే కండ్లు ఎట్లా పోయాయి? తిన్నది మీరు, పేరు నోరులేని జంతువుకా? సిగ్గుండాలి.

శాస్త్రం సంగతికి వస్తే, కొత్త ఉపజాతి పేరు చెల్లాలంటే ఒక నమూనా జీవిని ఎంచి గుర్తింపు పొందిన సంగ్రహాలయంలో భద్రపరచాలి. ఇక్కడే చిక్కు వచ్చింది. నమూనాను గుర్తించి, తోక కొలిచే లోపలే దానికి బదిలీ ఉత్తర్వులు అందాయి. అందువల్ల ఈ ఉపజాతి విస్తరించిన ప్రాంతాల పటంలో మహబూబ్‌నగర్ జిల్లాను కూడా చేర్చవలసి ఉంటుంది.