ఆకే కదా అట!

ఇప్పుడే లిఫ్ట్ దగ్గర మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారితో గొడవ పడి పైకొచ్చాను, కొత్తిమీర కట్ట ఇంకా చేతిలోనే ఉంది. పేపర్లో విశాఖ ఏజెన్సీ నుంచి వస్తున్న గంజాయి పట్టుకున్నారని ఫొటో పడింది. అది చూసి ఆయన నవ్వుతూ "ఏముందమ్మా, ఆకే కదా, సిగరెట్ కన్నా నయం, శివుడి ప్రసాదం" అన్నారు. శివుడు హాలాహలం కూడా మింగాడు సార్, మీకూ ఓ గ్లాసు పొయ్యమంటారా?

మా అక్క కొడుకు ఇంజనీరింగ్‌లో ఉండగా ఒకటే వాంతులు. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, ఓ పెద్దాసుపత్రిలో ఎండోస్కోపీ చేసి బిల్లు చేతిలో పెట్టారు. వాడేమో గీజర్ వేసుకుని వేడి నీళ్ల కింద గంటలు గంటలు నిలబడేవాడు, వీపంతా ఎర్రగా కమిలిపోయేది, అలా నిలబడితేనే కడుపులో తిప్పడం ఆగేదట. అక్క కరెంటు బిల్లు చూసి తిట్టేది. చివరికి ఈ వేడి నీళ్ల సంగతి విన్న ఓ కుర్ర డాక్టరమ్మ "గంజాయి ఎన్నాళ్ల నుంచి?" అని నేరుగా అడిగేసింది. ఏళ్ల తరబడి పీల్చేవాళ్లలో కొందరికి ఇలాగే అవుతుందట, మానేయడం తప్ప మందు లేదట.

అలవాటు కాదని ఇంకో మాట. వాడినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి వదలదు, టీనేజ్‌లోనే మొదలెడితే ఆరుగురిలో ఒకరికి. మావాడు మానేసిన కొత్తలో నిద్ర లేదు, అన్నం సహించదు, పలకరిస్తే కసురుడు. వాడి రూమ్మేట్ పరిస్థితి ఇంకా ఘోరం, ఎవరో వెంటపడుతున్నారని కిటికీలకు పేపర్లు అంటించుకున్నాడు, వాళ్ల నాన్న వచ్చి తాయెత్తు కట్టించి తీసుకెళ్లారు. మత్తు అలవాటు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చని ఒక్కరూ చెప్పరు, దిష్టి తీసేవాళ్ల నంబర్లు మాత్రం అందరి దగ్గరా ఉంటాయి!

ఇంతకీ నా మంట అది కాదు. ఇదే పెద్దమనిషి నిరుడు వాచ్‌మన్ కొడుకు జేబులో చిన్న పొట్లం దొరికిందని రాత్రికి రాత్రి ఆ కుటుంబం చేత గది ఖాళీ చేయించాడు. ఆ రోజు అది ఆకు కాదు, డ్రగ్స్. తనంతట తాను వైద్యానికొచ్చే బానిసకు కేసు నుంచి రక్షణ ఇవ్వాలని 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలోనే ఉంది, కానీ సెక్రటరీ గారి చట్టం వేరు కదా. ఐదో అంతస్తు బాల్కనీలోంచి శనివారం శనివారం వచ్చే వాసన మాత్రం ఆయన ముక్కుకి అగరొత్తులే, ఎందుకంటే ఆ అబ్బాయికి పెద్ద ప్యాకేజీ, పాపం వర్క్ టెన్షన్!

వాచ్‌మన్ వెళ్లాక మోటార్ వేసే దిక్కు లేదు, మెట్లు తుడిచే దిక్కు లేదు, మెయింటెనెన్స్ మాత్రం పెంచారు. లిఫ్ట్ రిపేరని ఉగాదికి వసూలు చేసిన డబ్బు లెక్క అడిగితే "మీటింగ్‌లో మాట్లాడదాం" అంటారు. ఆ మీటింగ్ ఎప్పుడు పెడతారు సార్?