మహారాజశ్రీ డాన్స్ ఫ్లోర్ గారి సముఖానికి

మహారాజశ్రీ డాన్స్ ఫ్లోర్ గారి దివ్యసముఖానికి, డాలస్ ఉత్తర శివార్ల నుంచి తమ సేవకురాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం, నా కుడి మోకాలు ఒక్కటి తప్ప. తమరు అక్కడ క్షేమమని తలచుకుందామంటే నాకు ఏ ఆధారమూ దొరకలేదు. మొన్న గురువారం సాయంత్రం రానూ పోనూ 94 మైళ్ళు కారు నడిపి, టోలు కట్టి, గుమ్మం దగ్గర మనిషికి 10 డాలర్లు సమర్పించుకుని తమ బారు లోపలికి వచ్చిన మా నలుగురికీ తమ దర్శనం కాలేదు. తమ మీద 18 ఎత్తు బల్లలు, వాటి చుట్టూ 72 ఎత్తు స్టూళ్ళు కొలువుతీరి ఉన్నాయి. లెక్క తప్పు కాదు. వేరే పని దొరకనివాళ్ళు లెక్కలు బాగా పెడతారు.

తప్పు తమదని నేను అనను. గురువారం 7 గంటలకు లైన్ డాన్స్ పాఠం, 8 నుంచి అందరికీ డాన్స్, విశాలమైన చెక్క నేల అని వీధిలోకి కనిపించేలా రాసిన బోర్డు ఆ సాయంత్రం కూడా దీపాల వెలుగులో మెరుస్తూనే ఉంది. లోపల మేనేజరు, మా అబ్బాయి ఈడువాడు, ఒక కంపెనీ వాళ్ళు పార్టీ పెట్టుకున్నారనీ, పాఠం మాత్రం రద్దు కాలేదనీ, పూల్ బల్ల పక్కనున్న ఖాళీలో చేసుకోవచ్చనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ ఖాళీలో పరిచి ఉన్నది తివాచీ. తోలు అడుగున్న బూటు చెక్క మీద జారుతుంది, తివాచీ మీద అతుక్కుంటుంది. పాదం మీదే గిర్రున తిరిగే పివట్ టర్న్‌లో పాదం అతుక్కుపోయి దేహం మాత్రం తిరిగితే, ఆ రెండింటి తగాదా తీర్చే భారం మోకాలి మీద పడుతుంది. అరవై ఏడేళ్ళ మా టీచరు, పాపం, ఆ తివాచీ మీదే నిలబడి నలభై నిమిషాలు పాఠం చెప్పారు. మేము వెనక్కి అడుగు వేసిన ప్రతిసారీ పూల్ ఆడేవాళ్ళ కర్ర ఒకటి వీపుకు తగిలింది. మా ఊరి కోలాటంలోనూ కర్రలుంటాయి గానీ, అవి ఆడేవాళ్ళ చేతిలోనే ఉంటాయి.

లైన్ డాన్స్ అంటే ఏమిటో తమకు నేను చెప్పనక్కరలేదు, కానీ తమ మీద బల్లలు పరిచిన పెద్దలకు ఎవరో ఒకరు చెప్పాలి. అందులో జంట అక్కరలేదు. సోఫా వదలని భర్త, యాభై రెండేళ్ళ వయసు ఉన్న నాబోటి మనిషికి ఈ రాష్ట్రంలో సంగీతం వింటూ నలుగురితో కలిసి కాలు కదిపే దారి అదొక్కటే కనిపించింది. అందరం వరసలుగా, ఒకే వైపు ముఖం పెట్టి నిలబడతాం. చాలా డాన్సులు 32 లెక్కలకు ఒక ఆవర్తనం పూర్తవుతాయి. అది పూర్తయ్యేసరికి అందరం పావు తిరుగుడు తిరిగి కొత్త గోడకు ముఖం పెట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాం. అలా నాలుగు గోడలూ చుట్టి వస్తాం. కాలు వెనకగా కాలు దాటిస్తూ పక్కకు నడిచే అడుగును గ్రేప్‌వైన్ అంటారు, కుడికి నాలుగు లెక్కల గ్రేప్‌వైన్ వేయడానికి నా అడుగుకు ఆరడుగుల చోటు కావాలి. (డాలస్ విమానాశ్రయం పక్కనే గ్రేప్‌వైన్ అనే ఊరే ఉంది. అక్కడైనా చోటు దొరుకుతుందేమోనని ఒక ఆదివారం వెళ్ళి చూశాను కూడా.) ఇలాంటి నాట్యానికి నడుమ బల్లలు పెడితే ఏమవుతుంది? మొదటి గోడ బాగానే ఉంటుంది, రెండో గోడ దగ్గర మోచేతికి ఒక స్టూలు తగులుతుంది, మూడో గోడకు తిరిగేసరికి ఒక పెద్దమనిషి ప్లేటులోని కోడి రెక్కలతో ముఖాముఖి నిలబడవలసి వస్తుంది. నాలుగో గోడ దాకా నేను ఎప్పుడూ వెళ్ళలేదు.

టూ స్టెప్ వేసే జంటలకు ఈ బాధ లేదు. వాళ్ళు తమ అంచు వెంబడి గడియారానికి ఎదురుగా తిరుగుతూ పోతారు. పుట్టిన దగ్గర నుంచి గుళ్ళో ప్రదక్షిణలు చేసిన నేను మొదటి నెలంతా అలవాటు కొద్దీ వాళ్ళకు ఎదురెళ్ళి, ఎన్ని టోపీలు పడగొట్టానో ఆ దేవుడికే తెలియాలి. అంచు వాళ్ళది, నడిమి భాగం మాది, అది పాత ఒప్పందం. కనుక మధ్యన బల్లలు వేసినా జంటలకు చుట్టూ తిరిగే దారి మిగులుతుంది, పోయేది మా చోటే.

ఇంతకీ ఆ బల్లలు అక్కడికి ఎందుకు వచ్చాయో నాకు ఆ రాత్రే బోధపడింది. సర్వర్ అమ్మాయి వచ్చి ఏం తాగుతారని అడిగింది. నాలుగు మంచినీళ్ళు, ఐసు కొంచెం తక్కువ, అన్నాను. ఆ అమ్మాయి నవ్వు చెక్కుచెదరలేదు. దూరం నుంచి మేనేజరు మాత్రం మా నాలుగు గ్లాసులను చూశాడు, తర్వాత తమ మీదున్న 18 బల్లలను చూశాడు. అంతే. పదేళ్ళుగా నేను అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఆ రెండు చూపుల మధ్య ఉంది.

మేము తాగము. మహా నియమవంతులమని కాదు, తాగితే లెక్క తప్పుతుంది. మూడు బీర్లు పట్టించిన మనిషి 32 వరకు లెక్కపెట్టి, పదహారో లెక్క దగ్గర పాట మలుపు తిరిగితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలన్న సంగతి గుర్తుంచుకోలేడు. రాత్రంతా చెమటలు కక్కి, ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగి, రెండు డాలర్లు టిప్పు పెట్టి ఇంటికి పోతాం. ముప్పైమంది మేము ఆడే చోట ఆరు బల్లలు వేస్తే, ఆ ఆరు బల్లల వాళ్ళు కదలకుండా కూర్చుని బారుకు అద్దె, కరెంటు, జీతాలు గడిచేంత తాగి పోతారు. బారువాడి లెక్కలో తమరు ఆదాయం లేని భూమి. ఆదాయం లేని భూమికి ఏం జరుగుతుందో హైదరాబాద్ నుంచి వచ్చిన నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెరువు గట్టున ముందు ఒక పాక లేస్తుంది, తర్వాత ఆ పాకకు ప్రహరీ వస్తుంది, ప్రహరీ కాస్త లోపలికి జరుగుతుంది, ఒక వేసవిలో నీళ్ళు ఇంకినప్పుడు హద్దురాళ్ళు మాయమవుతాయి, చివరికి చెరువు పేరు మీద ఒక కాలనీ మిగులుతుంది. తమ కథలో పాక అంటే అంచున వేసిన రెండు బల్లలు. మొదటి ఏడాది వాటిని చూసి నేనే ముచ్చటపడి చేతిసంచీ పెట్టుకున్నాను. ఆ తర్వాత వీఐపీ సోఫాలు వచ్చాయి. ఆ తర్వాత డీజే గారి గూడు ఆరడుగులు ముందుకు జరిగింది. ఆ తర్వాత గాలి పరుపుల నడుమ యాంత్రిక ఎద్దు దిగింది. హ్యూస్టన్ పక్కన పాసడీనాలోని గిల్లీస్ క్లబ్బు నేపథ్యంగా 1980లో వచ్చిన ఒక సినిమా పుణ్యమా అని ఆ ఎద్దు దేశమంతా పాకింది. ఆ క్లబ్బు 1989లో మూతపడింది, ఎద్దు మాత్రం బతికే ఉంది. గానుగెద్దు నూనె తీస్తుంది, గంగిరెద్దు దణ్ణం పెడుతుంది. ఈ ఎద్దు చేసే పని, ఎక్కినవాణ్ణి నాలుగు సెకన్లలో కింద పడేసి ఫోటో తీయించడం.

తమ వంశం అలాంటిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో టెక్సస్‌కు వచ్చిన జర్మన్, చెక్ రైతులు కట్టుకున్న హాళ్ళు బార్లు కావు. అవి సంఘాల సొత్తు. ఒకటి తుపాకీ గురి నేర్చుకునే సంఘానిది, ఒకటి పాటల సంఘానిది, ఇంకొకటి వ్యాయామ సంఘానిది. బెల్‌విల్‌లో 1897లో వ్యాయామ సంఘం వాళ్ళు కట్టిన హాలుకు ఏకంగా పన్నెండు ముఖాలున్నాయి. పావు తిరుగుడుకు ఒక గోడ చొప్పున నాలుగు చాలే మాకు ఇది ఎంత వైభోగమో ఊహించండి. న్యూ బ్రౌన్‌ఫెల్స్ దగ్గర గ్రీన్ హాల్ 1878 నాటిది. రేకుల కప్పు, గాలి ఆడడానికి పక్కలకు తెరుచుకునే రెక్కలు, నడుమ చెక్క నేల. ఆ రోజుల్లో కుటుంబాలతో సహా వచ్చేవారు, గోడ వారగా బెంచీలుండేవి, పిల్లలు నిద్రపోతే ఒక మూల బొంతల మీద పడుకోబెట్టి పెద్దలు ఆడేవారు. బీరు అక్కడా ఉండేది. అయితే అక్కడ బీరు అమ్మేది నేలను పోషించడానికి. ఇప్పుడు నేలను పరిచేది బీరు అమ్మడానికి, అదీ ఎంత తక్కువ పరిస్తే అంత లాభం.

ఆ హాళ్ళకే వెళ్ళవచ్చు కదా అని తమరు అడగవచ్చు. గ్రీన్ హాల్ మా ఇంటికి నాలుగు గంటల పైన. ఆస్టిన్‌లో 1964 నుంచి ఉన్న బ్రోకెన్ స్పోక్ ఇప్పుడు రెండు పెద్ద అపార్టుమెంట్ల నడుమ ముడుచుకుని కూర్చుంది. అదైనా మూడు గంటల పైమాటే. దగ్గరలో ఫోర్ట్ వర్త్‌లో బిల్లీ బాబ్స్ ఉంది, 1981లో తెరిచారు, లక్ష చదరపు అడుగులు దాటిన భవనం, ఒకప్పుడు పశువుల కొట్టం. లోపల వారాంతాల్లో నిజమైన ఎద్దుల మీద స్వారీ కూడా జరుగుతుంది. పశువుల కోసం కట్టింది కనుకనే అంత విశాలంగా ఉందని నా అనుమానం. మనుషుల కోసం అంత చోటు ఎవరూ కట్టరు. డాలస్‌లోనే 1950లో వెస్టర్న్ స్వింగ్ సంగీతకారుడు బాబ్ విల్స్ కోసం కట్టిన లాంగ్‌హార్న్ బాల్‌రూమ్ 2023లో మళ్ళీ తలుపులు తెరిచింది, కానీ అక్కడికి జనం ఎక్కువగా కచేరీ వినడానికి వెళతారు. మిగిలిన దారులన్నీ చూసేశాను. నగర వినోద కేంద్రంలో క్లాసు మంగళవారం ఉదయం పదింటికి, అంటే ఉద్యోగం మానేశాక. మాజీ సైనికుల హాలులో నేల బంగారం లాంటిది, నెలకు ఒక్క శనివారమే దొరుకుతుంది. డాన్స్ స్టూడియోలో బూట్లతో రానివ్వరు. మన గుడి హాలులో బూట్లే కాదు, చెప్పులూ విడవాలి. జంటల హాళ్ళలో లైన్ డాన్స్ అనగానే పాయసంలో కారం పడ్డట్టు ముఖం పెడతారు.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు. నీ పేరు ఏమిటి? డాన్స్ ఫ్లోర్. బల్లలు మోసేదాన్ని మా ఊళ్ళో భోజనశాల అంటారు. ఆ కంపెనీ వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆ రాత్రి కాలు కదపలేదు. నీ మీద నిలబడి మూడు గంటల సేపు త్రైమాసిక ఫలితాలు మాట్లాడుకున్నారు. గుమ్మంలో మా దగ్గర నలభై డాలర్లు తీసుకున్నప్పుడు ఆ పార్టీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదా? రాకపోవడమేమిటి, బాగానే గుర్తుంది, చెబితే వెనక్కి తిరిగి పోతామనీ తెలుసు. బోర్డు మీద ఆ ఒక్క రాత్రికి ఒక కాగితం అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? నీకు నోరు లేదు సరే, ఒక పలక అయినా లేచి ఒక్క స్టూలు కాలికైనా అడ్డం పడలేదే! అరవై ఏడేళ్ళ మనిషి తివాచీ మీద నిలబడి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అరుస్తూ ఉంటే, ఇరవై అడుగుల దూరంలో నువ్వు సాస్ మరకలు మోస్తూ పడుకుని ఉన్నావు. సిగ్గు లేదా?

తొమ్మిదీ నలభైకి పార్టీ ముగిసింది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి స్టూళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి, బల్లలు గోడ వారకు జరిపి, తడిగుడ్డతో తుడిచారు. మాలో ఇద్దరు అప్పటికే ఆవులిస్తూ కారు తాళాలు వెతుకుతున్నారు. అప్పుడు మా టీచరు సంచీలోంచి ఒక సీసా తీసి, మేనేజరు వైపు ఒకసారి చూసి, అతను తల తిప్పుకున్నాక, తమ మీద మొక్కజొన్న పిండి చల్లారు. పాత హాళ్ళలో బూట్లు సాఫీగా జారడానికి అలాగే చల్లేవారట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి అది రాలిన తీరు చూస్తే, ధనుర్మాసం తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసే మా అమ్మమ్మ చెయ్యి గుర్తుకు వచ్చింది. డీజే ఒక పాట వేశాడు. మడమ, మడమ, గ్రేప్‌వైన్, పావు తిరుగుడు. అడుగున పిండి సన్నగా కరకరలాడింది, బూటు జారవలసిన చోట జారి, ఆగవలసిన చోట ఆగింది. కింద చెక్క కొంచెం లోనికి వంగి మళ్ళీ పైకి లేచింది, నా మోకాలు అదొక్కటీ గమనించి నోరు మూసుకుంది. నాలుగు గోడలూ చూశాను. నాలుగో గోడ మీద పెద్దగా ఏమీ లేదు, ఒక పాత కొమ్ముల బొమ్మ, దాని పక్కన నిప్పు ఆర్పే సీసా. దానికే నాకు కళ్ళు చెమర్చాయి.

అలాంటివి రెండు పాటలు దక్కాయి. మూడో పాటకు డీజే బాణీ మార్చేశాడు, పది దాటితే కుర్రకారు వస్తారట.

వెళుతూ మేనేజరుతో ఒక మాట చెప్పి వచ్చాను. గుమ్మం దగ్గర 10 బదులు 15 తీసుకో నాయనా, మంచినీళ్ళకు కూడా వెల కట్టు, ఇస్తాం, నేల మాత్రం మాకు వదిలిపెట్టు, అన్నాను. ఆలోచిస్తానన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. వచ్చే గురువారం 7 గంటలకు మళ్ళీ వస్తాను, ఈసారి బయలుదేరే ముందు ఫోను చేసి మరీ వస్తాను.

ఇట్లు,
తమపై పాదధూళి రాల్చే భాగ్యం కోరే,
మూడో వరస, ఎడమ నుంచి రెండో మనిషి.

తాజా కలం: మోకాలికి ఐసు పెట్టుకుని ఇది రాశాను. ఆ ఐసు తమ బారు వాళ్ళు ప్లాస్టిక్ సంచీలో కట్టి ఇచ్చిందే. డబ్బులు తీసుకోలేదు.