తెలియక కాదు, నోరు పెగలకే

చాలా ఆసుపత్రుల వార్డుల్లో కేస్ షీట్లు తిరగేస్తే ఒక గడి ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది: నిమిషానికి శ్వాస. ఒకరికి 18, పక్క మంచానికి 20, ఆ పక్కన మళ్లీ 18. ఆయాసంతో రొప్పుతున్న మనిషికీ, మర్నాడు డిశ్చార్జి కాబోయే మనిషికీ దాదాపు అదే అంకె. రోగి పరిస్థితి విషమించబోతోందని ముందుగా చెప్పే గుర్తుల్లో శ్వాసవేగం పెరగడం ఒకటి. కానీ దాన్ని సరిగ్గా లెక్కపెట్టాలంటే వాచీ చూస్తూ నిండా ఒక నిమిషం మంచం పక్కన నిలబడాలి. బీపీకి మిషన్ ఉంది, ఆక్సిజన్‌కు వేలికి తగిలించే క్లిప్పు ఉంది, ఊపిరికి మాత్రం చాలాచోట్ల మనిషే కావాలి. వార్డుకు కొత్తగా వచ్చిన నర్సింగ్ విద్యార్థిని మొదట్లో నిజంగానే లెక్కపెడుతుంది. తను పది మంచాలు చూసేలోపు మిగతావాళ్లు వార్డంతా ముగించేస్తారు. కొన్నాళ్లకు ఆమె పెన్ను కూడా దానంతటదే 20 వేసేస్తుంది.

చూడనిది రాయకూడదని ఆమెకు తెలియదా? తెలుసు. పరీక్షలో అడిగితే పేజీ నిండా రాస్తుంది. తెలిసినదాన్ని నలుగురి మధ్య, పైవాళ్ల ముందు, పని ఒత్తిడిలో నిలబెట్టుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆరోగ్య వృత్తుల విద్యార్థులకు నైతికత బోధించే కోర్సులు చాలావరకు బోల్తా పడేది ఇక్కడేనని నా అభిప్రాయం.

ఈ క్లాసులు ఎక్కువగా పెద్ద ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. వెంటిలేటర్ తీసెయ్యాలా వద్దా, ఉన్న ఒక్క కిడ్నీ ఇద్దరిలో ఎవరికివ్వాలి, రోగి వద్దన్నా ప్రాణం నిలపాలా? చర్చకు బాగుంటాయి. కానీ మూడో సంవత్సరం విద్యార్థి ముందుకు ఆ నిర్ణయం రాదు. అతని ముందుకు వచ్చేవి వేరు. సీనియర్ తనను రోగికి ‘డాక్టరుగారు’ అని పరిచయం చేస్తే కాదని చెప్పాలా? ఆపరేషన్ గురించి ఒక్క ముక్కా వివరించకుండా సంతకం పెట్టించుకు రమ్మంటే వెళ్లాలా? ఫార్మసీ విద్యార్థికి చీటీలో మోతాదు ఎక్కువగా అనిపిస్తే, చిరాకుపడే డాక్టరుకు మళ్లీ ఫోన్ చేయాలా? ఇవి పాఠంలో లేనివి కాబట్టి నైతిక సమస్యలే కావని విద్యార్థి అనుకుంటాడు.

సూత్రాలు అక్కర్లేదనడం లేదు. 1979లో అమెరికన్ నీతిశాస్త్రవేత్తలు టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ స్థిరపరచిన నాలుగు సూత్రాలు (రోగి స్వేచ్ఛ, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం) ప్రపంచమంతటా క్లాసుల్లో వినబడుతున్నాయి. మనసులోని ఇబ్బందికి ఒక భాష దొరకడం చిన్న విషయం కాదు. అయితే సూత్రం కాగితంమీద ఉన్నంతమాత్రాన చేతులు ఆగవు. నాజీ వైద్యుల విచారణ తర్వాత మనుషులపై ప్రయోగాలకు వాళ్ల సమ్మతి తప్పనిసరనే న్యూరెంబర్గ్ నియమావళి 1947లో వచ్చింది. అమెరికాలోని టస్కీగీలో సిఫిలిస్ సోకిన నల్లజాతి పేదలకు వైద్యం అందకుండా చూస్తూ, 1932లో మొదలైన అధ్యయనం ఆ తర్వాతా పాతికేళ్లు సాగింది. అప్పటికి ఆ జబ్బును నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చింది కూడా. ప్రజారోగ్య శాఖలో పనిచేసిన పీటర్ బక్స్‌టన్ 1966 నుంచి పైఅధికారులకు ఫిర్యాదు చేస్తూ వచ్చాడు, ఎవరూ పట్టించుకోకపోతే సంగతి పత్రికలకు చేరవేశాడు. 1972లో అది ఆగింది. బక్స్‌టన్ డాక్టరు కాడు.

1966లోనే చార్ల్స్ హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు, సహచరులు ఒక ప్రయోగం చేశారు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు, తనెప్పుడూ చూడని ‘డాక్టరు’ నుంచి ఫోన్ వస్తుంది. ఫలానా రోగికి ఆస్ట్రోటెన్ అనే మందు 20 మిల్లీగ్రాములు ఇమ్మంటాడు, వచ్చాక సంతకం పెడతానంటాడు. ఆ డబ్బామీద రోజుకు గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములు అని రాసే ఉంది. ఫోన్లో చెబితే మందు ఇవ్వకూడదన్నది ఆసుపత్రి నియమం. అయినా 22 మంది నర్సుల్లో 21 మంది మందు తీసుకుని రోగివైపు బయల్దేరారు, దారిలో ఆపాల్సి వచ్చింది. (ఆ డబ్బాలో ఉన్నది హాని చేయని పదార్థమే.) ఇదే పరిస్థితిని కాగితంమీద పెట్టి 21 మంది నర్సింగ్ విద్యార్థులను అడిగితే, మేమైతే ఇవ్వం అని అందరూ రాశారు. పరీక్షలో నైతికతకూ, వార్డులో నైతికతకూ మధ్య ఎంత దూరముందో ఇంతకన్నా సూటిగా చూపించిన లెక్క నేను చూడలేదు.

ఇక్కడితో ఆపేసి నర్సుల విధేయతను తప్పుపట్టేవాళ్లు ఎక్కువ. 1977లో వచ్చిన మరో అధ్యయనాన్ని పెద్దగా ఎవరూ ఎత్తరు. ఈసారి అడిగింది నర్సులకు బాగా తెలిసిన వేలియం (ఆందోళన తగ్గించే మందు), మోతాదు మాత్రం మించిపోయింది. తోటివాళ్లను సంప్రదించే వీలూ ఉంచారు. 18 మందిలో ఇద్దరే ఇవ్వడానికి సిద్ధపడ్డారు. మందు గురించి తెలియడం, పక్కన మాట్లాడటానికి మరో మనిషి ఉండటం ఫలితాన్ని తలకిందులు చేసేశాయి. నైతిక ధైర్యం పుట్టుకతో వచ్చే గుణమనీ, నేర్పితే రాదనీ వాదించేవాళ్లు ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

2005లో బ్రిటన్‌లో ఒక మహిళ మామూలు సైనస్ ఆపరేషన్‌కు వెళ్లింది. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం మూసుకుపోయింది. అనుభవజ్ఞులైన డాక్టర్లు ట్యూబు వేయడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. ఒక నర్సు గొంతుకు రంధ్రం చేసే పరికరాల సెట్టు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ పలకలేదు. మరో నర్సు ఐసీయూలో మంచం కావాలని ఫోన్ చేసి, గదిలో ఉన్నవాళ్ల చూపులు చూసి, వద్దని మళ్లీ చెప్పేసింది. ఆ రోగి కొన్ని రోజుల తర్వాత చనిపోయింది. ఏం చేయాలో ఆ నర్సులకు తెలుసు. పరికరాలు తెచ్చి పక్కన పెట్టడం, ఫోన్ చేయడం, ఆ హోదాలో వాళ్లు సూచించగలిగింది అంతవరకే. ఆమె భర్త పైలట్. విమానాల కాక్‌పిట్‌లో కింది ఉద్యోగి కెప్టెన్‌ను ఎలా ఆపాలో శిక్షణ ఇస్తారనీ, ఆపరేషన్ థియేటర్‌లో ఆ పద్ధతి లేదనీ ఆయన అప్పటినుంచి చెబుతూనే ఉన్నాడు.

ఆ శిక్షణ వైద్యంలోకీ వచ్చింది, కాకపోతే రోగి భద్రత అన్న పేరుతో వేరే గదిలో జరుగుతుంది. అమెరికాలో ఆసుపత్రి బృందాలకు నేర్పే ఒక పద్ధతిలో మూడు మెట్లున్నాయి: ‘నాకు ఆందోళనగా ఉంది’, ‘ఇది నాకు సరిగా అనిపించడం లేదు’, ‘ఇది రోగి భద్రతకు సంబంధించిన విషయం, ఆగండి’. చదవడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటాయి. నిలబడి, సీనియర్ పాత్రలో కసురుకునే మనిషి ముందు పైకి అనమనండి, మూడో వాక్యం దగ్గర సగంమంది గొంతు పడిపోతుంది. ఎదుటి మనిషి ‘నీకెన్నేళ్ల అనుభవం?’ అన్నాక ఏమనాలో అసలు తోచదు. అక్కడే క్లాసు మొదలవ్వాలి. నన్నడిగితే నైతికత గంటల్లో సగం దీనికే కేటాయించవచ్చు. అదీ వైద్య, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ విద్యార్థులను కలిపి కూర్చోబెట్టి. రేపు ఫోన్‌కు ఆ చివర, ఈ చివర ఉండబోయేది వీళ్లే. కాదనడం ఒకరు నేర్చుకుంటే సరిపోదు, కాదనిపించుకోవడం మరొకరు నేర్చుకోవాలి.

అసలు చిక్కు వార్డులో ఉంది. సిలబస్‌లో లేకపోయినా వార్డు దానంతటదే నేర్పేదాన్ని 1994లో ఫ్రెడరిక్ హాఫర్టీ, రొనాల్డ్ ఫ్రాంక్స్ దాగిన పాఠ్యక్రమమన్నారు. అది ఎంత గట్టి పాఠమో 2003లో అమెరికాలో వైద్య విద్యార్థుల సర్వేలో తేలింది. మత్తులో ఉన్న స్త్రీకి విద్యార్థులు శిక్షణ కోసం కటి పరీక్ష (జననాంగాల లోపలి పరీక్ష) చేసేముందు ఆమె అనుమతి ఎంత ముఖ్యమని అడిగారు. ప్రసూతి విభాగంలో పోస్టింగ్ పూర్తి చేసినవాళ్లు, చేయనివాళ్లకన్నా తక్కువ ముఖ్యమన్నారు. అంటే చదువు ముందుకు పోయేకొద్దీ విచక్షణ వెనక్కి నడిచింది. అలాంటి పరీక్షలకు రోగి రాతపూర్వక సమ్మతి తప్పనిసరని అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఆసుపత్రులకు స్పష్టంగా చెప్పింది 2024లో. ఇరవై ఏళ్లపాటు ఆ విద్యార్థులకు నైతికత పాఠాలు జరుగుతూనే ఉన్నాయి మరి.

మార్కులు పెడితే అంతా కుదురుకుంటుందనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. నటులను రోగులుగా కూర్చోబెట్టే పరీక్షల్లో ‘మీ బాధ నాకు అర్థమైంది’ అన్నందుకు అర మార్కు వస్తుందంటే, విద్యార్థి ఆ వాక్యాన్ని బట్టీపడతాడు. నిజమైన రోగి దాన్ని ఇట్టే పసిగడతాడు. అలాగని ప్రవర్తనను గమనించడం మానేయమనీ కాదు. మెడికల్ బోర్డుల క్రమశిక్షణ చర్యలకు గురైన అమెరికన్ డాక్టర్ల పాత రికార్డులు 2005లో పరిశీలిస్తే, విద్యార్థి దశలోనే వృత్తికి తగని ప్రవర్తన నమోదైన ఉదంతాలు మిగతావారికన్నా సుమారు రెండు రెట్లు కనిపించాయి. గమనించిన అధ్యాపకులు ఫైలులో రాసి ఊరుకున్నారన్నమాట.

ఇంకో ప్రమాదం ఉంది. సరైనదేమిటో తెలిసీ చేయలేని స్థితిలో ఇరుక్కున్న నర్సుల నైతిక వేదన గురించి తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లోనే రాశాడు. ప్రశ్నించమని విద్యార్థికి నేర్పి, ప్రశ్నిస్తే పోస్టింగ్ రిపోర్టులో దెబ్బకొట్టే సీనియర్ దగ్గరికి పంపితే, ఆ వేదనను కోర్సు రూపంలో పంచిపెట్టినట్టే అవుతుంది. అందుకే ఈ కోర్సులో మొదట మార్కులు పడాల్సింది బోధించేవాళ్లకు. పోస్టింగ్ ముగిశాక ప్రతి విద్యార్థినీ, పేరు బయటపడకుండా, రెండు ప్రశ్నలడిగితే చాలు. ఈ యూనిట్‌లో సందేహం వచ్చినప్పుడు అడగగలిగావా? అడిగితే ఏమైంది? ఆ జవాబులు విభాగాధిపతి బల్లమీదికీ, సీనియర్ల పదోన్నతి ఫైళ్లలోకీ చేరాలి. ఇది చెప్పగానే స్టాఫ్ మీటింగుల్లో వచ్చే మొదటి అభ్యంతరం ఒకటే: విద్యార్థులు కక్ష తీర్చుకుంటారని. ఒకరిద్దరు తీర్చుకోవచ్చు. ఒకే పేరు ఏడాదికేడాది వేర్వేరు బ్యాచ్‌ల కాగితాల్లో వస్తుంటే మాత్రం అది కక్ష కాదు.