గ్రంథాలయ పన్ను తీస్తున్నట్టే, మన పిల్లల కోసమూ ఒక వాటా తీయండి

నెల్లూరులో ఇల్లున్నవాళ్లు ఆస్తి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. ఆ పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం నగరపాలక సంస్థ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఊరి డబ్బులో కొంత చదువు కోసం విడిగా తీసిపెట్టడం మనకు కొత్త కాదు. టీనేజీ పిల్లల కోసం పనిచేసే సేవా సంస్థలకూ అలాగే ఒక వాటా కావాలి. నేను అడిగేది అదొక్కటే.

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు 1991లోనే ఈ పని చేశారు. ఆస్తి పన్నులో కొంత భాగం పిల్లలకు, యువతకు మాత్రమే ఖర్చు పెట్టాలని ఓటు వేసి శాసనం చేయించుకున్నారు. ఆ డబ్బు స్వచ్ఛంద సంస్థల ద్వారా బస్తీలకు చేరుతోంది.

పెన్నా ఒడ్డు కాలనీల పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెబుతుంటాను కాబట్టి ఈ మాట ఇంత గట్టిగా అంటున్నాను. పదో తరగతి తప్పిన కుర్రాడు నెల తిరక్కుండానే మెకానిక్ షెడ్డులోనో, రొయ్యల ప్లాంటులోనో పనికి కుదురుతాడు. ఆడపిల్లయితే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెడతారు. వాళ్లను మళ్లీ సప్లిమెంటరీ పరీక్షకో, ఓపెన్ స్కూలుకో తీసుకురావాలంటే ఎవరో ఒకరు ఆ ఇంటికి పదే పదే వెళ్లాలి. తల్లితో మాట్లాడాలి, షెడ్డు యజమానిని ఒప్పించాలి, ఫీజు గడువు గుర్తుపెట్టుకోవాలి. సాయంత్రం తీరిక చేసుకుని వచ్చే నాలాంటి వాళ్ల వల్ల అయ్యే పని కాదది. జీతం తీసుకుని రోజంతా చేయవలసిన ఉద్యోగం.

ఆ జీతమే ఎవరూ ఇవ్వరు. దాతలు బ్యాగులిస్తారు, నోటు పుస్తకాలిస్తారు, ఆగస్టు 15న మిఠాయిలు పంచి ఫోటో దిగుతారు. వాళ్ల మంచి మనసును నేను తక్కువ చేయడం లేదు. కానీ జీతం మాట ఎత్తితే "అలాంటివి మేం ఇవ్వం" అంటారు. నేను లెక్కలు చెప్పే కేంద్రంలో పిల్లలందరినీ పేరుపేరునా ఎరిగిన అమ్మాయి నెలల తరబడి జీతం అందక బట్టల దుకాణంలో చేరింది. ఆమె వెళ్లాక పెద్ద పిల్లలు రావడం మానేశారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

కంపెనీలు ఉన్నాయి కదా అంటారు. నిజమే, 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. అయితే ఆ డబ్బు ఏ సంస్థకు, ఎన్నాళ్లు ఇవ్వాలో కంపెనీ బోర్డే నిర్ణయిస్తుంది. మనం నిలదీయలేం. నగర బడ్జెట్ అయితే అడిగే హక్కు మనకుంటుంది. పైగా పట్టణ పేదరిక నిర్మూలన, విద్యా సాంస్కృతిక వికాసం పురపాలక సంస్థలకు అప్పగించదగిన బాధ్యతలని 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులోనే ఉంది.

సేవా సంస్థల పేరుతో డబ్బు మింగేవాళ్లు లేరా? ఉన్నారు. కాగితాల మీదే నడిచే సొసైటీలు నాకూ తెలుసు. అందుకే దరఖాస్తులు బహిరంగంగా పిలవాలి, ఖర్చుల పట్టిక వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. పిల్లల హాజరు వెళ్లి చూడటానికి వార్డులో విద్యా కార్యదర్శి ఉండనే ఉన్నారు. మోసం జరుగుతుందని రోడ్ల కాంట్రాక్టులు ఆపేశామా?

నాకున్న అసలు భయం వేరు. మన రాష్ట్రంలో గ్రంథాలయ పన్ను వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థలకు బకాయి పడుతున్న పురపాలికల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఈ వాటాకూ అదే గతి పట్టకూడదు. వసూలైన రోజే వేరే ఖాతాలో పడాలి. ఒప్పందం కనీసం మూడేళ్లు ఉండాలి. జీతాల డబ్బు మూడు నెలలకోసారి ముందుగానే ఇవ్వాలి.

వచ్చే బడ్జెట్‌లో ఈ పద్దు చేర్చాలని వినతిపత్రం రాస్తున్నాం. నెల్లూరులో పన్ను కట్టేవాళ్లు ఎవరైనా సంతకం చేయవచ్చు. ఒంగోలు మిత్రులారా, మీ నగరపాలక సంస్థకూ ఇదే రాయండి, నకలు కావాలంటే పంపిస్తాను.