జెట్లలో తీగ పెట్టడం ఇకనైనా ఆపండి: రాజ్‌దూత్ 350 జంట కార్బొరేటర్ల మీద నా మాట

రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు ఉన్న టూ స్ట్రోక్ బండి రాజ్‌దూత్ 350. అది స్లోలో నిలబడకపోయినా, ఒక సైలెన్సర్‌లోనే పొగ ఎక్కువొచ్చినా, పికప్‌లో మిస్సింగ్ కొట్టినా అందరి చెయ్యీ ముందు కార్బొరేటర్ మీదికే పోతుంది. విప్పుతారు, పెట్రోల్‌లో కడుగుతారు, స్లో జెట్‌లో (స్లోలో పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రం ముక్క) సన్నటి రాగి తీగ దూర్చి తిప్పుతారు, ఎయిర్ స్క్రూ చెవికి నచ్చినంత తిప్పి బండి ఇచ్చేస్తారు. 1983లో ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ తయారీ మొదలుపెట్టిన బండి ఇది. తయారీ ఆగి మూడు దశాబ్దాలు దాటింది. ఉన్న అసలు కార్బొరేటర్లను మనమే ఒక్కొక్కటిగా పాడుచేసుకుంటున్నాం. ఇది చూస్తూ ఊరుకోబుద్ధి కావడం లేదు.

కార్బొరేటర్ చివర ముట్టుకోవాల్సిన వస్తువు. ముందు గాలి, తర్వాత నిప్పు, ఆ తర్వాతే పెట్రోల్.

గాలి అంటే దొంగ గాలి. కార్బొరేటర్‌కీ, ఇంజిన్‌లోకి మిశ్రమాన్ని వదిలే రీడ్ వాల్వ్‌కీ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్‌ను చేత్తో వంచి చూడండి. పైకి నున్నగా కనిపించినా వంచితే మడతలో పగులు బయటపడుతుంది. రేస్ ఇచ్చి వదిలాక ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతోందంటే గాలి ఎక్కడో లోపలికి దూరుతోందని అర్థం. ఎడమ వైపు క్రాంక్ సీల్ పోతే గాలి పీల్చి మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. కుడి వైపు క్లచ్ దగ్గర సీల్ పోతే గేర్ ఆయిల్ పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది. రెండింటికీ కార్బొరేటర్‌లో మందు లేదు. సైలెన్సర్ల, కార్బొరేటర్ల రంధ్రాలు మూసి 6 పీఎస్ఐ గాలి నింపి 6 నిమిషాలు చూడండి. నిమిషానికి 1 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతుంటే ముందు లీకు ఆపాలి. నిప్పు అంటే ప్లగ్ స్పార్క్. ఆ సంగతికొస్తే, స్పార్క్ పుట్టించే రెండు జతల కాంటాక్ట్ పాయింట్లూ 0.3 నుంచి 0.4 మి.మీ. గ్యాప్‌లో ఉండాలి, రెండు సిలిండర్ల టైమింగూ డయల్ గేజ్‌తో విడివిడిగా చూడాలి.

ఇప్పుడు విప్పండి. స్క్రూలు జపాన్ కొలతవి, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. తలలు అరిగిపోయేది అందుకే. జేఐఎస్ స్క్రూడ్రైవర్ కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. జెట్లు ఇత్తడివి, మెత్తని లోహం. స్లో జెట్ రంధ్రం మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండదు. అందులో తీగ తిప్పితే జెట్ మీద నంబరు పాతదే ఉంటుంది, లోపల సైజు మారిపోతుంది. ఆ తర్వాత ఎంత ట్యూన్ చేసినా లెక్క కుదరదు. క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టండి, కంప్రెసర్ గాలి పట్టండి, అప్పటికీ కదలకపోతే నైలాన్ బ్రష్ పోగు ఒక్కటి వాడండి. అదీ కాకపోతే మంచి జెట్ కొత్తది వేయండి. చౌక కిట్‌లో వచ్చే జెట్ల మీది నంబర్లను నమ్మొద్దు.

ఫ్లోట్ (చాంబర్‌లో పెట్రోల్ మట్టాన్ని కాసే తేలే ముక్క) మట్టం రెండు కార్బొరేటర్లలోనూ ఒకటే ఉండాలి. బాడీ తిరగేసి, గ్యాస్కెట్ తీసి, ఫ్లోట్ నాలుక నీడిల్ స్ప్రింగును నొక్కకుండా తాకిన చోట కొలిచి, మాన్యువల్ అంకెకు తేవాలి. చోక్ ప్లంజర్ కింద రబ్బరు ముక్కను చాలామంది చూడరు. అది గట్టిపడితే చోక్ మూసినా పెట్రోల్ కారుతూనే ఉంటుంది, ప్లగ్ నల్లబడుతుంది, పాపం నింద ఎయిర్ స్క్రూ మీద పడుతుంది. స్లైడ్ (ఎక్స్‌లేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) ఎక్కించేటప్పుడు కోసినట్టుండే అంచు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. ఎడమ స్లైడ్ ఎడమకే, కుడిది కుడికే.

అసలు పని రెండింటినీ కలపడం. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. రెండు ఐడ్లింగ్ స్క్రూలూ వెనక్కి తిప్పి స్లైడ్లు పూర్తిగా కిందికి దించండి. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఒకే సైజు 3 మి.మీ. డ్రిల్ బిట్లు రెండు తీసుకుని, నున్నటి మొదలు లోపలికి పెట్టి, ఒక్కో స్లైడ్ కింద ఒకటి నిలపండి. ఎక్స్‌లేటర్ మెల్లగా తిప్పితే రెండూ ఒకేసారి కింద పడాలి. ఒకటి ముందు పడిందంటే ఆ కేబుల్ బిగువుగా ఉంది. కార్బొరేటర్ మూత మీది అడ్జస్టర్‌తో సరిచేసి, వరసగా ఐదుసార్లు కలిసి పడేదాకా వదలొద్దు. హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి కూడా చూడండి.

ఇది మారితే ఆయిల్ పంపుకు వెళ్లే మూడో కేబుల్ లెక్కా మారుతుంది. ఆటోల్యూబ్ పంపు (ఇంజిన్‌కు ఆయిల్ దానంతటదే అందించేది) ఉన్న బండికి కార్బొరేటర్లు కలిపాక పంపు పుల్లీ మీది గుర్తు పిన్నుకు ఎదురుగా వచ్చిందో లేదో ప్రతిసారీ చూడాలి. పంపు వెనకబడితే ఆయిల్ చాలక పిస్టన్ పట్టేస్తుంది. పంపు తీసేసి పెట్రోల్‌లో ఆయిల్ కలిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఆయిల్ ఎక్కువ పోస్తే జెట్‌లోంచి వెళ్లే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది, అంటే ఇంజిన్ ఇంకా లీన్ అవుతుంది.

ఎయిర్ స్క్రూలు రెండూ మెల్లగా ఆనేదాకా మూసి, ఒకటిన్నర చుట్టు తెరవండి. ఇది గాలి స్క్రూ, మూస్తే రిచ్ (పెట్రోల్ పాలు ఎక్కువ), తెరిస్తే లీన్. బండి పది నిమిషాలు నడిపి వేడెక్కాక, స్లో 1,200 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, ఒక్కో వైపు పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజిన్ వేగం అన్నిటికన్నా ఎక్కువ పెరిగిన చోట ఆగండి. చేతులు రెండు సైలెన్సర్ల చివర పెడితే దెబ్బ సమానంగా తగలాలి. స్క్రూ ఒక చుట్టు లోపే బాగుందంటే స్లో జెట్ చిన్నది, రెండున్నర దాటి తెరిస్తేగానీ కుదరడం లేదంటే పెద్దది.

పావు నుంచి ముప్పావు ఎక్స్‌లేటర్ దాకా రాజ్యం స్లైడ్‌లో వేలాడే నీడిల్‌ది. క్లిప్ ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది. ఆపైన మెయిన్ జెట్. ఈ బండిలోనే వచ్చిన రెండు రకాలు హైటార్క్ (శక్తి ఎక్కువది), లోటార్క్ (తక్కువది). వాటి సెట్టింగులు ఒకటే అనుకుని ఒకదాని జెట్లు ఇంకోదానికి వేయకండి. బయట అమ్మే ఎక్స్‌పాన్షన్ చాంబర్లు (రేసింగ్ సైలెన్సర్లు), ఓపెన్ ఫిల్టర్లు తగిలించి పాత మెయిన్ జెట్‌తోనే తిప్పడమంటే పిస్టన్‌ను చేతులారా చంపుకోవడమే.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) సంగతి ఇంకా చాలామందికి పట్టడం లేదు. మామూలు పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అవే జెట్లతో బండి సుమారు 8 శాతం లీన్‌గా నడుస్తున్నట్టే. టూ స్ట్రోక్‌కి లీన్ అంటే వేడి, వేడి అంటే సీజ్, పిస్టన్ పట్టేయడమే. మెయిన్ ఒక సైజు పెంచి, కొత్త ప్లగ్గులు వేసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో ఫుల్ ఎక్స్‌లేటర్ కాసేపు ఇచ్చి, క్లచ్ పట్టి అదే క్షణాన ఇంజిన్ ఆపి ప్లగ్గులు తీసి చూడండి. రంగు చూడాల్సింది ఎలక్ట్రోడ్ మొనన కాదు, పింగాణీ అడుగున ఉండే వలయంలో. అక్కడ తెల్లగా ఉంటే మళ్లీ పెంచండి. రెండు ప్లగ్గులూ ఒకే రంగు రాకపోతే జెట్ వదిలి మళ్లీ డ్రిల్ బిట్ల దగ్గరికి వెళ్లండి.

ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత రబ్బర్లను ఉబ్బిస్తుంది, అల్యూమినియం మీద తెల్లటి పొడి పట్టిస్తుంది. రెండు వారాలు బండి కదలదంటే ట్యాప్ మూసి, రెండు ఫ్లోట్ చాంబర్లూ విప్పి లోపలి పెట్రోల్ వంచేయండి. ట్యాప్ మూసి ఇంజిన్ నడిపి ఎండగట్టే అలవాటు మానుకోండి, ఆ ఆఖరి అర నిమిషం ఇంజిన్ నడిచేది పూర్తి లీన్‌లోనే.