‘పాత్రలన్నీ కల్పితం’ గారికి అనంతపురం నుంచి ఒక ఉత్తరం

పుస్తకం మొదట్లో చిన్నక్షరాల్లో దాక్కొని ఉండే ‘ఇందులోని పాత్రలన్నీ కల్పితం’ గారికి,

బాగుండావా సామీ. మా వీధి రచయిత కొత్త కథల పుస్తకం తెచ్చినాడు, ఎప్పట్లాగే నువ్వు ముందే వచ్చి జామీను సంతకం పెట్టేసినావు. లోపలికి పోతే ప్రతి కథలోనూ ఒక నాయన. చెనిక్కాయ పంట ఎండిపోయి, బోరు వేయిస్తే నీళ్లు పడక, ఆ అప్పు తీరకముందే ఇంకోటి వేయించి, ఆ కోపమంతా కొడుకు ప్రోగ్రెస్ కార్డు మీద చూపించే నాయన. సగం కాల్చిన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుంటాడు. ఊరి పేరు మార్చినాడు, మీసం తీసేసినాడు, ఆ బీడీ మాత్రం అట్లే ఉంచినాడు, ఇంగ నువ్వు కల్పితం అంటే ఎవురు నమ్మల? టీ అంగడి కాడ ఆ పెద్దాయన్ని చూసి "నాలుగో కథలో బాగా తిట్టినావులే మామా" అంటా ఉండారు పాపం.

నీకిది కొత్త కాదులే. 1824లో ఇంగ్లీషు రచయిత చార్లెస్ డికెన్స్ వాళ్ల నాయన్ని అప్పు కట్టలేదని లండన్లో మార్షల్సీ జైల్లో ఏసినారు, పన్నెండేళ్ల పిల్లోడు బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో లేబుళ్లు అంటించినాడు. ఆ నాయనే ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవల్లో మికాబర్ అయి వచ్చినాడు, చేతిలో పైసా లేకున్నా రేపేదో కలిసొస్తాదని దర్జాగా మాట్లాడే మనిషి. జైలు పేరు మార్చినాడు. గమ్మత్తేందంటే, డేవిడ్ పుట్టకముందే వాళ్ల నాయన చచ్చిపోయింటాడు, మికాబర్ ఉత్త డేవిడ్ అద్దెకుండే ఇంటాయన. అంటే అప్పులోళ్లొచ్చి తలుపు కొట్టినా కొడుక్కి సిగ్గు లేదు, ఎవురి నాయనో కదా! 1849-50లో అది నెలనెలా అచ్చవుతా ఉంటే అసలు నాయన బతికే ఉండాడు.

నాయన విషయంలో నువ్వు అబద్ధమాడతావని నాకేం కోపం లేదు. కొడుకు విషయంలో నిజమే చెప్తావు, అది ఎవురూ పట్టించుకోరు, అదీ నా బాధ. మావాని కథల్లో కొడుకు ఎంత ఓర్పు, ఎదురు చెప్పడు, మొదటి జీతంతో బోరు అప్పు కట్టేస్తాడు. ఆ జీతంతో బుల్లెట్ బండి కంతు కట్టింది వీధంతా చూసినోళ్లమే.

కాబట్టి మళ్ల ముద్రణకు ‘కొడుకు పాత్ర కల్పితం, నాయన ఇంట్లోనే ఉండాడు, పోయి చూసుకోవచ్చు’ అని మార్పించుకో.

ఇట్లు,
ఆరో కథలో పాలల్లో నీళ్లు కలిపే పక్కింటాయన
(కల్పితం)